అమ్మమ్మ ఊళ్లో పుట్టి, నాన్న ఊళ్లో నమోదై: ఒక గ్రీన్‌కార్డు కేస్ స్టడీ

నేను నల్గొండలో వకీలును. భూమి తగాదాలు, సివిల్ దావాలు నా అసలు పని. చాలా ఏళ్లుగా దానికి ఇంకో పని తోడైంది. అమెరికాలో ఉద్యోగాలు చేస్తున్న మన పిల్లల గ్రీన్‌కార్డు ఫైళ్లకు ఇక్కడి నుంచి వెళ్లాల్సిన కాగితాలు సరిచూసి, లేనివి తెప్పించి పంపడం. అక్కడి చట్టం మీద సలహా ఇచ్చేది అక్కడి అటార్నీయే. ఊరు, పంచాయతీ, బడి, తహశీల్దార్ ఆఫీసు, ఇంటి పెద్దవాళ్లు, ఇంతవరకే నా పరిధి. ఈ కేసు రాయడానికి కుటుంబం ఒప్పుకుంది. పేర్లు, ఊళ్లు, గుర్తుపట్టగల వివరాలు మార్చాను.

నేపథ్యం

అతన్ని శ్రీను అందాం. నాన్న ఊరు దేవరకొండ వైపు. అమ్మమ్మ ఊరు డిండి దాటాక అచ్చంపేట వైపు. అప్పట్లో ఒకటి నల్గొండ జిల్లా, రెండోది మహబూబ్‌నగర్ జిల్లా. ఊరి బడిలో చదివి, పదో తరగతి జిల్లా పరిషత్ హైస్కూల్లో పాసై, హైదరాబాద్‌లో బీటెక్ చేసి, 2008లో ఎంఎస్‌కు అమెరికా వెళ్లాడు. 2011 అక్టోబర్‌లో హెచ్‌-1బి అనే ఉద్యోగ వీసా వచ్చింది. కంపెనీ 2014 జూన్‌లో అతని కోసం పర్మ్ వేసింది. ఆ ఉద్యోగానికి తగిన అమెరికన్ దొరకలేదని కంపెనీ అక్కడి కార్మిక శాఖకు చూపించి తెచ్చుకునే ధ్రువీకరణ అది. ఆ దరఖాస్తు వేసిన రోజే అతని ప్రయారిటీ డేట్ అయింది, అంటే క్యూలో అతని చోటు. తర్వాత ఐ-140 కూడా, అంటే అతని కోసం కంపెనీ వేసే గ్రీన్‌కార్డు పిటిషన్, ఈబీ-2 కేటగిరీలో ఆమోదం పొందింది. ఈబీ-2 మాస్టర్స్ స్థాయి ఉద్యోగాలది, దాని కింది మెట్టు ఈబీ-3.

ఉద్యోగం ద్వారా ఇచ్చే గ్రీన్‌కార్డులు మామూలుగా ఏడాదికి 1,40,000. భార్యాపిల్లలవి కూడా అందులోనే లెక్క. ఒక్కో దేశంలో పుట్టినవాళ్లకు 7 శాతం పరిమితి ఉంది. అందుకే ఇండియా క్యూ ఏళ్లకేళ్లు సాగుతుంది. హెచ్‌-1బి మీద మామూలుగా ఆరేళ్లే ఉండనిస్తారు. ఐ-140 ఆమోదమై క్యూలో ఉన్నవాళ్లకు మూడేళ్ల చొప్పున పొడిగిస్తారు. శ్రీను అలా 2017లో ఒకసారి, 2020లో ఒకసారి పొడిగించుకుని అదే కంపెనీలో ఉండిపోయాడు. నాతో మొదటిసారి ఫోన్లో మాట్లాడినప్పుడు అన్నాడు: "సార్, ఎనిమిదేళ్లయింది. మా మేనేజర్ ఏం చెప్పినా ఒక్కసారి కూడా కాదనలేదు." స్పాన్సర్‌షిప్ మీద బతికే పిల్లల నోట ఈ మాట చాలాసార్లు విన్నాను. విన్న ప్రతిసారీ కష్టంగానే ఉంటుంది.

2020 అక్టోబర్‌లో అనుకోని అవకాశం వచ్చింది. ఈబీ-3 కేటగిరీలో ఇండియావాళ్లు ఫైల్ చేసుకోగల తేదీ (ప్రయారిటీ డేట్ దానికి ముందున్నవాళ్లే వేసుకోవచ్చు) ఒక్కసారిగా 2015 జనవరి 1కి వచ్చి, ఈబీ-2ను దాటిపోయింది. వేలమందితో పాటు శ్రీను కూడా ఈబీ-3కి దిగి, తనకు, భార్యకు, ఇండియాలో పుట్టిన కూతురికి ఐ-485 వేశాడు. గ్రీన్‌కార్డుకు ఆఖరి దరఖాస్తు అదే. కోవిడ్ వల్ల కుటుంబ కోటాలో మిగిలిన కార్డులు ఉద్యోగ కోటాకు కలవడంతో 2022 ఆర్థిక సంవత్సరానికి మొత్తం 2,81,000 దాటింది. దాంతో ఈబీ-2 తేదీలు పరుగెత్తాయి. 2022 మొదట్లో శ్రీను తన ఫైలును మళ్లీ ఈబీ-2కి మార్పించుకున్నాడు. ఆ వేసవికల్లా తేదీ 2014 సెప్టెంబర్‌కు వచ్చింది. అతని 2014 జూన్ తేదీ దాని లోపలే ఉంది. కార్డు చేతికొచ్చే దూరంలో ఉండగా ఆర్‌ఎఫ్‌ఈ వచ్చింది.

సమస్య

ఇంకా ఆధారాలు కావాలని వచ్చే నోటీసును ఆర్‌ఎఫ్‌ఈ అంటారు. ఇందులో రెండు అడిగారు. ఒకటి మెడికల్ పరీక్ష, అది అక్కడే అయిపోయింది. రెండోది పుట్టుక గురించి. శ్రీను పెట్టిన బర్త్ సర్టిఫికెట్ 2019లో, అంటే పుట్టిన 34 ఏళ్లకు నమోదైనది. అందులో పుట్టిన ఊరు నాన్న ఊరు. అదే ఫైల్లో పెట్టిన తల్లి అఫిడవిట్‌లో పుట్టిన ఊరు అమ్మమ్మ ఊరు. రెండు జిల్లాలు, రెండు ఊళ్లు. ఏది నిజమో చెప్పి ఆధారాలు చూపించమన్నారు.

ఇది ఎలా జరిగిందో అర్థం కావాలంటే మన దగ్గర 1985 నాటి పరిస్థితి తెలియాలి. జనన మరణాల నమోదు చట్టం 1969 నాటిదే. కానీ ఊళ్లో కాన్పు అయితే పోయి రాయించాలన్న ఆలోచన ఎవరికీ ఉండేది కాదు. పటేల్ రాసుకుంటే రాసుకున్నట్టు. ఆ పటేల్, పట్వారీ వ్యవస్థ 1984లో రద్దయింది. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. శ్రీను సరిగ్గా ఆ మార్పుల మధ్య పుట్టాడు. పైగా మొదటి కాన్పు పుట్టింట్లో జరగడం మన ఆనవాయితీ. బిడ్డ అమ్మమ్మ ఊళ్లో పుడతాడు, నాన్న ఊళ్లో పెరుగుతాడు. ఆ తర్వాత బతుకంతా ఎస్సెస్సీ మెమో మీదే నడుస్తుంది. ఉద్యోగానికి అదే, పాస్‌పోర్టుకూ అదే. బర్త్ సర్టిఫికెట్ అడిగేవాళ్లే ఉండరు, గ్రీన్‌కార్డు దాకా.

2019లో శ్రీను "బర్త్ సర్టిఫికెట్ తీసిపెట్టు నాన్నా" అని ఫోన్ చేస్తే, తండ్రి తెలిసిన ఏజెంటు దగ్గరికి వెళ్లాడు. అతను దరఖాస్తు రాసి, సంతకాలు పెట్టించుకుని, లేట్ రిజిస్ట్రేషన్‌కు కావలసిన ఆర్డీవో ప్రొసీడింగ్స్ తెచ్చి, నాన్న ఊరి పంచాయతీలోనే నమోదు చేయించాడు. ఆధార్ కార్డు మీద ఉన్న ఊరినే పుట్టిన ఊరుగా రాశాడు. తండ్రి చదవకుండానే సంతకం పెట్టాడు. మరుసటి ఏడు కంపెనీ తరఫు లా ఆఫీసు తల్లి అఫిడవిట్ కోసం నమూనా పంపింది. ఖాళీలు నింపిన మేనల్లుడు "అత్తమ్మా, బావ ఎక్కడ పుట్టిండు?" అని అడిగాడు. ఆమె ఉన్నది ఉన్నట్టు చెప్పింది. రెండు కాగితాలూ ఒకే కవర్లో వెళ్లాయి. పక్కపక్కన పెట్టి చదివినవాళ్లు ఎవరూ లేరు.

నా దగ్గరికి రాకముందు ఏం చేశారు

కుటుంబం మొదట అదే ఏజెంటును అడిగింది. "అమ్మమ్మ ఊరి పాత రిజిస్టర్లో ఎక్కిస్తా, పాత తేదీతో సర్టిఫికెట్ తెస్తా" అన్నాడట. బంధువు ఒకాయన ఇంకో దారి చెప్పాడు. తల్లి అఫిడవిట్‌లో టైపింగ్ తప్పు పడిందని రాసి, ఊరి పేరు మార్చి కొత్త అఫిడవిట్ పంపితే సరిపోతుందని.

తల్లి ఒప్పుకోలేదు. మే మొదటి వారంలో భార్యాభర్తలిద్దరూ నా ఆఫీసుకు వచ్చినప్పుడు ఆమె కూర్చోకముందే అన్నది: "సారూ, నేను అబద్ధం చెప్పలే. నా కొడుకు మా అమ్మగారింట్లనే పుట్టిండు. ఇప్పుడు కాదని ఎట్ల రాయాలె?" తండ్రి తల వంచుకుని కూర్చున్నాడు. నేను చేసిన మొదటి పని ఆయన్ని స్థిమితపరచడం. ఈ కేసులో ఆయన సంతకం ఎంత నష్టం చేసిందో, ఆయన మాటే అంత అవసరం పడబోతోంది.

ఏజెంటు దారి ఎందుకు కాదన్నానో చెప్పాలి, ఎందుకంటే ఇలాంటి మాట చెప్పేవాళ్లు ప్రతి మండల కేంద్రంలో ఉన్నారు. అమెరికా ఇమిగ్రేషన్ చట్టంలో తప్పుడు కాగితంతో, కావాలని, ముఖ్యమైన విషయంలో మోసం చేసినట్టు తేలితే ఆ దేశంలోకి రాకుండా జీవితాంతం అడ్డు పడుతుంది. కంపెనీ మారినా, కొత్త ఐ-140 వచ్చినా అది పోదు. ఇప్పుడున్నది పొరపాటు. పాత తేదీతో కొత్త కాగితం తెస్తే అది నేరమవుతుంది, ఇక్కడా, అక్కడా.

ఇంకో లెక్క కూడా వాళ్లకు చెప్పాను. గ్రీన్‌కార్డు క్యూ పుట్టిన దేశాన్ని బట్టి నడుస్తుంది. దేశం మారితే క్యూ మారుతుంది. దేవరకొండ వైపు పుట్టినా, అచ్చంపేట వైపు పుట్టినా ఇండియా క్యూనే. అంటే ఊరి తేడా వల్ల శ్రీనుకు పైసా లాభం లేదు. లాభం లేని చోట మోసం చేశాడని అనడం కష్టం. ఆ తేడాను దాచబోతే మాత్రం అనుమానం మొదలవుతుంది. అక్కడి అటార్నీతో మాట్లాడితే ఆమె కూడా ఇదే మాట అన్నది. పొరపాటును మనమే ముందుగా ఒప్పుకుని, ఆ సర్టిఫికెట్‌ను ఆధారంగా చూపడం మానుకుందాం అని.

ఎంత గడువు?

నోటీసుకు జవాబివ్వడానికి మూడు నెలలకు కాస్త తక్కువ గడువు. కోవిడ్ వెసులుబాటు కింద అప్పట్లో మరో 60 రోజులు ఆగినా జవాబు తీసుకునేవారు. శ్రీను దాని మీద ఆశ పెట్టుకున్నాడు. నేను, అటార్నీ ఇద్దరం వద్దన్నాం. అమెరికా ఆర్థిక సంవత్సరం సెప్టెంబర్ 30తో ముగుస్తుంది. కోటా అంతకంటే ముందే అయిపోవచ్చు. అక్టోబర్‌లో తేదీలు వెనక్కి పోతే ఫైలు చక్కగా ఉన్నా కార్డు రాదు. కూతురికి పన్నెండేళ్లు. మళ్లీ క్యూలో పడి ఏళ్లు గడిస్తే, 21 దాటి తల్లిదండ్రుల ఫైలు నుంచి జారిపోయే పిల్లల్లో ఆమె కూడా చేరుతుందేమోనని శ్రీను భార్యకు భయం. కాబట్టి మా గడువు జూన్ చివర అని మేమే పెట్టుకున్నాం.

నేను వేసిన తప్పటడుగు

మూలంలో తప్పు ఉంటే మూలాన్నే సరిదిద్దాలన్నది సివిల్ వకీలుగా నా అలవాటు. జనన మరణాల నమోదు చట్టంలో 15వ సెక్షన్ రిజిస్టర్లో తప్పుగా పడిన ఎంట్రీని సరిదిద్దడానికి, రద్దు చేయడానికి వీలిస్తుంది. ఆ సెక్షన్ కింద నాన్న ఊరి పంచాయతీలో దరఖాస్తు వేయించి, పుట్టిన ఊరు మార్చమన్నాను. నాలుగుసార్లు తిరిగాం. పంచాయతీ కార్యదర్శి చిన్న వయసు అమ్మాయి. చివరికి ఆమె చెప్పిన మాట నాకు ముందే తట్టాల్సింది: "సార్, మా పరిధిలో జరిగిన పుట్టుకలే నేను రాయాలి. వేరే ఊళ్లో పుట్టాడని మీరే అంటున్నారు. అలాంటప్పుడు ఊరి పేరు దిద్ది ఈ ఎంట్రీని నా రిజిస్టర్లో ఎలా ఉంచుతాను? దీన్ని రద్దు చేయాలి. దానికి పైనుంచి ఆర్డర్ కావాలి."

ఆమె చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. రద్దుకు నెలలు పడుతుంది. పన్నెండు రోజులు పోయాయి. ఆ రోజుల్లో శ్రీను అక్కడి రాత్రి, మనకు తెల్లవారు, రోజూ ఫోన్ చేసేవాడు. అతని టెన్షన్‌లో నా పాత్ర ఉందని నాకు తెలుసు.

తర్వాత వచ్చిన ఆలోచన అమ్మమ్మ ఊళ్లో కొత్తగా లేట్ రిజిస్ట్రేషన్ చేయించడం. దీన్ని మొదలుపెట్టకుండానే వదిలేశాను. 34 ఏళ్ల తర్వాత నమోదైందని మొదటి దాన్ని అనుమానించినవాళ్లు, 37 ఏళ్ల తర్వాత నమోదైన రెండోదాన్ని ఎందుకు నమ్ముతారు? అదీకాక ఒకే మనిషికి రెండు జనన నమోదులు ఉంటే ఇంకో సమస్య పుడుతుంది.

అప్పుడు ప్రశ్నను తిరగేసి చూశాను. వాళ్లకు కావలసింది కొత్త సర్టిఫికెట్ కాదు. అసలు పుట్టుక రికార్డు ఉందా, లేదా? లేకపోతే లేదని అధికారి చెప్పాలి. దాని తర్వాత మిగతా ఆధారాలు. అక్కడి నిబంధనల్లో ఉన్న వరుస కూడా ఇదే. అసలు రికార్డు లేదన్న ధ్రువపత్రం, బడి రికార్డుల వంటి రెండోస్థాయి ఆధారాలు, అవీ చాలకపోతే స్వయంగా తెలిసిన మనుషుల అఫిడవిట్లు.

లేదని రాయించడం

లేదని రాయించుకోవడం ఉందని రాయించుకోవడం కంటే కష్టం. అమ్మమ్మ ఊరు 2016 అక్టోబర్‌లో జిల్లాలు చీలినప్పుడు నాగర్‌కర్నూల్ జిల్లాలోకి పోయింది. పాత రిజిస్టర్లు కొన్ని పంచాయతీలో, కొన్ని తహశీల్దార్ ఆఫీసులో. వీఆర్వో వ్యవస్థ 2020లో రద్దయ్యాక ఏ బీరువాలో ఏముందో తెలిసిన మనిషి లేడు. రెండు రోజులు తిరిగాక 1985 రిజిస్టర్ దొరికింది. అట్ట ఊడి, అంచులు చెదలు తిని, దారంతో కట్టి ఉంది. కార్యదర్శి ఒక్కో పేజీ తిప్పుతుంటే నేను పక్కన నిలబడి చూశాను. ఏప్రిల్ వరకు ఎంట్రీలు గుండ్రటి చేతిరాతలో ఉన్నాయి. ఆ తర్వాత గళ్లు గీసిన ఖాళీ పేజీలు. మళ్లీ 1986 ఫిబ్రవరిలో వేరే చేతిరాత.

ఆయన లేదని రాసివ్వడానికి వెనకాడాడు. ఆన్‌లైన్‌లో ఈ మనిషికి ఇప్పటికే సర్టిఫికెట్ కనిపిస్తోంది కదా, ఉన్నదాన్ని లేదని ఎలా రాయాలని. సరైన ప్రశ్నే. నేను చెప్పింది ఇది: మీరు దేశం మొత్తం గురించి రాయక్కర్లేదు. మీ పంచాయతీ 1985 రిజిస్టర్ వెతికాం, ఈ తల్లిదండ్రులకు పుట్టిన బిడ్డ పేరు అందులో లేదు, ఫలానా నెలల పేజీలు ఖాళీగా ఉన్నాయి అని మీ కళ్లతో చూసింది రాయండి. 2019 సర్టిఫికెట్ నంబరు కూడా ఆ ఉత్తరంలోనే రాసుకోండి, మీ మీద మాట రాదు. ఆయనకు ధైర్యం వచ్చింది. రెండు పేరాల ధ్రువపత్రం, రౌండ్ సీల్‌తో. తహశీల్దార్ ఆఫీసు నుంచి కూడా తమ దగ్గర వేరే రికార్డు లేదని రాతపూర్వకంగా తీసుకున్నాం. అధికారిని తన పరిధి దాటి రాయమంటే భయపడతాడు. చూసినంతే రాయమంటే రాస్తాడు.

పోస్ట్‌కార్డు

అఫిడవిట్ల కోసం అమ్మమ్మ ఊరికి వెళ్లిన రోజు ఈ కేసు మలుపు తిరిగింది. కాన్పు చేసిన మంత్రసాని బతికే ఉంది. ఎనభై దాటింది, చూపు మందగించింది కానీ మాట స్పష్టంగా ఉంది. "తొలుసూరు కాన్పు. తెల్లారగట్ల నొప్పులు మొదలైనయి, పొద్దు నెత్తికొచ్చినంక పిలగాడు పడ్డడు. ఆ వసారలనే," అని చెయ్యెత్తి చూపించింది. ఎప్పుడు అని అడిగాను. "బతుకమ్మ పండుగయి వారం గాలె."

నా చేతిలో పెన్ను ఆగింది. ఎస్సెస్సీ మెమోలో పుట్టిన తేదీ 1985 జూన్ 10. పాస్‌పోర్టు, హెచ్‌-1బి, ఐ-485 అన్నిట్లో అదే. తల్లి పాత అఫిడవిట్‌లో కూడా ఆ తేదీయే, నమూనాలో ముందే టైపు చేసి పంపారు కాబట్టి. తల్లి వైపు చూశాను. ఆమె మెల్లగా అన్నది, "అవును సారూ, పండుగైనంకనే. బడిల సారు జూన్ అని రాసుకున్నడు."

మన వైపు పల్లెల్లో ఇది కొత్త కాదు. బడి జూన్‌లో తెరుస్తారు, అప్పటికి అయిదేళ్లు నిండాలి. హెడ్‌మాస్టర్ ఏదో ఒక జూన్ తేదీ వేసి బిడ్డను చేర్చుకునేవాడు. నా వయసువాళ్లలో, నా తర్వాతి తరంలో ఎంతమంది పుట్టినరోజులు జూన్‌లో ఉన్నాయో చూస్తే తెలుస్తుంది.

ఇంతలో మేనమామ ఇంట్లోంచి రేకు పెట్టె తెచ్చాడు. ఆయన పెద్దన్న అప్పట్లో బొంబాయిలో కూలి పని చేసేవాడు. పాలమూరు నుంచి వలస పోయిన వేలమందిలో ఒకడు. ఇంటి కబుర్లు కార్డు మీద రాసి పంపేవారు. ఆయన తిరిగొచ్చేటప్పుడు కార్డులన్నీ తెచ్చి పెట్టెలో వేసుకున్నాడు. వాటిలో ఒకటి ఎనిమిదో తరగతి చదువుతున్న ఈ మేనమామ రాసినది: "అక్కకు మనింట్ల కొడుకు పుట్టిండు. ఇద్దరు మంచిగున్నరు. బావ వచ్చి చూసి పోయిండు." పోస్టాఫీసు ముద్ర సగం చెరిగింది. తేదీ కనపడదు, నెల, ఏడు కనపడతాయి. నవంబర్, 85.

పుట్టిన ఊరికి ఇంతకంటే బలమైన ఆధారం ఉండదు. ముప్పై ఏడేళ్ల కిందట, ఎవరికీ గ్రీన్‌కార్డు ఆలోచన లేని కాలంలో రాసిన కార్డు. కానీ అదే కార్డు పుట్టిన తేదీ తప్పని చెబుతోంది. పంపాలా, దాచాలా?

నిజం చెప్పాలంటే ఆ సాయంత్రం తిరిగి వస్తూ దాచేద్దామనే అనుకున్నాను. ఆర్‌ఎఫ్‌ఈలో తేదీ అడగలేదు. అడగనిది ఎందుకు చెప్పాలి? దేవరకొండ చేరేలోపు ఆ ఆలోచన నిలవలేదు. కార్డు దాచినా అఫిడవిట్లు ఉన్నాయి. తల్లి ప్రమాణం చేసి "1985 జూన్ 10న కన్నాను" అని రాయాలి. అది నిజం కాదని ఆమెకు తెలుసు, ఇప్పుడు నాకూ తెలుసు. ఒక అబద్ధపు కాగితాన్ని ఒప్పుకునే జవాబులోనే ఇంకో అబద్ధపు ప్రమాణం పెట్టలేను. మంత్రసాని నుంచి తేదీ లేకుండా సంతకం తీసుకుందామా అని కూడా ఆలోచించాను. ఆమెకు తెలిసిన సంగతిలో తేదీ సగం. ఆ సగం కోసేస్తే మిగతా సగం మీద నమ్మకం ఏముంటుంది?

ఆ రాత్రి అటార్నీకి ఫోన్ చేశాను. ఆమె కాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగింది, అయిదు నెలల తేడాతో అతనికి ఏదైనా లాభం వచ్చిందా అని. రాలేదు. ఎంఎస్‌కైనా, హెచ్‌-1బికైనా అప్పటికి పెద్దవాడే. పైగా బడి రికార్డు తేదీ అతనికి అయిదేళ్లప్పుడు వేరేవాళ్లు వేసింది, ఆ తర్వాత ప్రతి కాగితంలో అదే నడిచింది. "అయితే పెడదాం. వివరణ మనమే ఇద్దాం" అన్నది. శ్రీనుకు చెప్పినప్పుడు చాలాసేపు వాదించాడు. దగ్గరికొచ్చిన కార్డును మీ చేతులతో మీరే తోసేస్తున్నారని నాతో అన్నాడు. అతని స్థానంలో ఎవరున్నా అలాగే అంటారు. ఫైలు అతనిది, నిర్ణయమూ అతనిదే కావాలని రెండు రోజులు ఆగాను. మూడో రోజు తల్లితో మాట్లాడాక సరేనన్నాడు.

పంపినవి

తండ్రి అఫిడవిట్‌ను ముందు పెట్టాం. 2019లో ఏజెంటు రాసింది చదవకుండా సంతకం పెట్టానని, బడిలో చేర్చినప్పుడు తేదీ హెడ్‌మాస్టర్ వేశాడని ఆయన తన మాటల్లో చెప్పాడు. తల్లి, మేనమామ, మంత్రసాని అఫిడవిట్లు తెలుగులోనే రాయించాను. నమూనా వాడలేదు. ఒక్కొక్కరికీ నోటరీ ముందు చదివి వినిపించి, అవునన్నాకే సంతకం. మంత్రసాని వేలిముద్రకు ముందు ఒక వాక్యం మార్పించింది. "మధ్యాహ్నం పన్నెండు గంటలకు" అని టైపు చేస్తే, "గడియారం ఎవరి దగ్గరున్నది బిడ్డా, పొద్దు నెత్తికొచ్చినంక అని రాయి" అన్నది. అలాగే మార్చాం. అన్నిటికీ ఇంగ్లీషు అనువాదం, అనువాదకుని ధ్రువీకరణ జతచేశాం. 1990 నాటి బడి అడ్మిషన్ రిజిస్టర్ నకలు, ఎస్సెస్సీ మెమో, రెండు ఆఫీసుల లేదన్న పత్రాలు, పోస్ట్‌కార్డు రెండు వైపులా ఫొటో. రెండు జిల్లాలు ఎప్పుడు ఎలా మారాయో చూపే ఒక పేజీ. అటార్నీ ఉత్తరం మొదటి పేరాలోనే 2019 సర్టిఫికెట్‌లో ఊరు తప్పు, దాన్ని ఆధారంగా తీసుకోవద్దు అని ఉంది.

పాస్‌పోర్టులో పుట్టిన ఊరు 'నల్గొండ' అని ఉంది. దాన్ని అప్పుడు మార్చవద్దన్నాను. ఫైలు నడుస్తుండగా పాస్‌పోర్టు మారిస్తే, పాత కాగితాలన్నిటితో కొత్త తేడా వస్తుంది. ఆ సంగతి కూడా వివరణలో ఒక వాక్యంగా రాశాం.

జూన్ మూడో వారంలో జవాబు వెళ్లింది. ఆగస్టు రెండో వారంలో నలుగురికి ఫోన్ వచ్చింది. తల్లికి, తండ్రికి, మేనమామకు, నాకు. ముగ్గురి ఐ-485లూ ఆమోదమయ్యాయి. తేదీ గురించి మళ్లీ ఒక్క ప్రశ్న కూడా రాలేదు. సెప్టెంబర్ మొదటి వారంలో ఈబీ-2 కోటా అయిపోయింది. ఈ తేదీలు నెలనెలా ప్రకటించే వీసా బులెటిన్ ఉంటుంది, దాని అక్టోబర్ సంచికలో ఇండియా ఈబీ-2 తేదీ 2012 ఏప్రిల్ 1కి పడిపోయింది. ఆ 60 రోజుల వెసులుబాటు వాడుకుని ఉంటే శ్రీను మళ్లీ క్యూలో పడేవాడు.

ఈ కేసు తర్వాత నేను మార్చుకున్నవి

కాగితం ముట్టుకోకముందు తల్లిని అడుగుతున్నాను, బిడ్డను ఎక్కడ కన్నావమ్మా, ఏ పండుగ దగ్గర అని. పుట్టింటి కాన్పు అని తెలిస్తే నాన్న ఊళ్లో లేట్ రిజిస్ట్రేషన్ వద్దని మొదటిరోజే చెబుతున్నాను. ఇప్పటికే అలా తీసుకున్నవాళ్లు, నేను కూడబెట్టిన లెక్క ప్రకారం నా దగ్గరే తొమ్మిది కుటుంబాలు ఉన్నాయి. వాళ్లకు ఆర్‌ఎఫ్‌ఈ కోసం ఎదురుచూడకుండా లేదన్న పత్రం, అఫిడవిట్లు ఇప్పుడే తీసి పెట్టుకోమంటున్నాను. మంత్రసానులు, మేనమామలు, పెద్దమ్మలు ఎంతకాలం ఉంటారు? ఈ కేసులోని మంత్రసాని మరుసటి చలికాలంలో పోయింది.

కంపెనీ లా ఆఫీసులు పంపే నమూనాల గురించి పిల్లలకు గట్టిగానే చెబుతున్నాను. పర్మ్, ఐ-140 కంపెనీ దాఖలు చేసేవి. పర్మ్ ఖర్చు ఉద్యోగి పెట్టుకోకూడదని కూడా నిబంధన ఉంది. కాబట్టి ఆ కాగితాలు కంపెనీ చూసుకుంటుంది. ఐ-485 మాత్రం మీ సొంత దరఖాస్తు, కింద సంతకం మీది. ఎనిమిదేళ్లు అన్నీ కంపెనీయే చూసుకున్నాక, ఈ ఒక్కటీ తమదని చాలామందికి తట్టదు. శ్రీనుకు కూడా తట్టలేదు. రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి ఒక్క గంట చదివి ఉంటే 2020లోనే తేలిపోయేది.

నాన్న ఊరి పంచాయతీలో 2019 ఎంట్రీ రద్దు కోసం వేసిన దరఖాస్తును వదల్లేదు. 2023లో ఆర్డర్ వచ్చింది. ఆ కార్యదర్శే రిజిస్టర్ మార్జిన్‌లో రద్దని రాసి, తేదీ వేసి, సంతకం పెట్టి, నకలు ఇచ్చింది. పోస్ట్‌కార్డు అసలు ప్రతి మేనమామ పెట్టెలోకే వెళ్లింది. ఫొటోలు, నకళ్లు నా అల్మారాలో ఉన్నాయి. గ్రీన్‌కార్డు వచ్చిన అయిదేళ్లకు శ్రీను సిటిజన్‌షిప్‌కు దరఖాస్తు చేస్తే పాత ఫైలంతా మళ్లీ తిరగేస్తారు. అప్పుడూ ఇదే వివరణ, ఇవే మాటలతో వెళ్లాలి. అందుకని ఆ కట్ట మీద 2027 అని రాసి పెట్టాను.